ఇస్త్రీ చేసిన బడి

ఉదయం ఏడుంపావు. వాన. మూడు రోజులుగా అదే వాన. జోరుగా పడదు, ఆగి చావదు.

ఆమె మూడు డబ్బాలు సర్దింది. డ్యూటీకి వెళ్ళే ఆయనకొకటి, బడికి వెళ్ళే అమ్మాయికొకటి, ఆఫీసుకి తనకొకటి. అత్తగారి కంచం మీద మూత పెట్టింది. చేతులు వాటంతటవి పని చేసుకుపోతుంటే మనసు ఎక్కడో వెనకాల చెప్పులీడ్చుకుంటూ వస్తోంది.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. గుమ్మంలో గొడుగు విప్పుతున్నాడు.

"బ్రేకులు చూసుకోండి."

"ఇరవై రెండేళ్ళుగా చూసుకునే తోలుతున్నా."

"ఇవాళ ఇంకోసారి చూసుకోండి."

మంచం మీంచి అత్తగారు అందుకుంది. "దాని నోట భయం తప్ప మాట రాదు కదరా. చూస్తానని చెప్పి వెళ్ళు. నీదేం పోయింది?"

ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. పదమూడేళ్ళ క్రితం ఒక సాయంత్రం ఆయన బస్సు వంతెన కటకటాలకి గుద్దుకుని, సగం గాల్లో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి ఆమె గుమ్మం దగ్గర చెప్పులు లెక్కపెడుతుంది. నాలుగు జతలు చూశాకే గడియ పెడుతుంది.

అమ్మాయి ఏడో తరగతి. సంచీ తగిలించుకుని నిలబడింది.

"గొడుగు తీసుకో."

"దారిలో ఎందుకమ్మా, తడిస్తే ఆరిపోతాను. గొడుగు క్లాసులో కావాలి. బయట వాన ఆగినా మా క్లాసులో ఇంకో గంట కురుస్తుంది."

ఆమె మొహం తిప్పుకుని పొయ్యి తుడిచింది. తుడిచిన పొయ్యినే మళ్ళీ తుడిచింది.

"జలుబుగా ఉందన్నావు కదా, ఇవాళ మానెయ్యరాదూ?"

"అమ్మో! మంత్రిగారి పుస్తకం వచ్చేది ఇవాళే కదా. నూటికి నూరు మందీ రావాలన్నారు. పైగా ఈ వారం గంట డ్యూటీ నాది." 'గంట' అన్నప్పుడు అమ్మాయి కాస్త పొడుగైంది.

"గంట కొట్టే ఉద్యోగానికి ఇంత గీరా!" అంది అత్తగారు.

"కర్ర నా చేతిలో ఉంటుంది నాయనమ్మా. టీచర్లు కూడా నా వంకే చూస్తారు."

వానలో ఆ ఎర్ర రిబ్బన్లు సందు మలుపు తిరిగేదాకా ఆమె చూస్తూ నిలబడింది.

* * *

విద్యాశాఖ భవనం నాలుగంతస్తులు. రికార్డు సెక్షన్ కింద, మెట్ల పక్కన. పదకొండు ఇనప బీరువాలు, వాటిలో మూడువేల పైచిలుకు బళ్ళ ఫైళ్ళు, బడికొకటి.

బడి ఎలా ఉంటే దాని ఫైలు అలా ఉంటుంది. సెక్షన్లో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే చెబుతారు, మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయో చెప్పినట్టు. ప్రహరీ లేని బడి ఫైలుకి దారం ఎంత బిగించినా నిలవదు. టీచరు లేని బడి ఫైలు నడివేసవిలోనూ చల్లగా తగులుతుంది. ఒకటో తరగతి పిల్లలు ఎక్కువున్న బళ్ళవి కింది అరలో పెట్టాలి, మధ్యాహ్నం గంట కొట్టే వేళకి ఊరికే ఉండలేక జారి పడతాయి. పైకప్పు కురిసే బడి ఫైలు తడుస్తుంది.

తడిసిన ఫైలు పై అంతస్తుకి వెళ్తే టేబులు అద్దం మీద మరక పడుతుంది. ఎప్పుడో ఒక పెద్దాఫీసరు ఆ మరక చూసి విసుక్కున్నాడట. ఆయన రిటైరై, పోయి, ఫోటోకి దండ కూడా పడింది గానీ ఆ విసుగు మాత్రం సెక్షన్లో మిగిలిపోయింది. గోడ నుంచి గోడకి తాళ్ళు కట్టారు, క్లిప్పులు కొన్నారు, ఒక ఇస్త్రీ పెట్టె తెచ్చారు. ఏ ఉత్తర్వులోనూ లేదు గానీ, పైకి వెళ్ళే ప్రతి ఫైలూ ముందు ఆరాలి, తర్వాత ఇస్త్రీ కావాలి. ఆ పని పద్నాలుగేళ్ళుగా ఆమెది. సెక్షన్లో ఆమెకి ఇస్త్రీ అమ్మ అనే పేరు పడిపోయింది.

మంత్రిగారు వచ్చి అయిదేళ్ళు. పూర్వం లెక్కల మాష్టారు. చెడ్డవాడు కాదు. నిజానికి ఇంతమందిలో పిల్లల గురించి అడిగినవాడు ఆయనొక్కడే. పుస్తకాలు వేసవి సెలవుల్లోనే చేరేలా చేశాడు. ఆడపిల్లలకి తలుపులున్న మరుగుదొడ్లు కట్టించాడు. అన్నిటికన్నా పేరు తెచ్చింది గంట ఉత్తర్వు. అంతకుముందు మబ్బు పడితే చాలు, టీచర్లు ఇంటిగంట కొట్టేసేవారు. ఒకసారి బెంచీ కింద నిద్రపోయిన పిల్లని లోపలే ఉంచి తాళం వేసుకుపోయారు. దాంతో ఆయన మూడు ముక్కలు రాశాడు. పొద్దుటి గంట వేళకి మోగాలి. ఆఫీసు నుంచి సంతకం, నంబరు ఉన్న ఉత్తర్వు లేకుండా వేళకి ముందు ఇంటిగంట మోగకూడదు. మోగితే, చివరి పిల్ల గేటు దాటేదాకా ఆగకూడదు. ఆ ఉత్తర్వు టైపు చేసింది ఆమే. జనం ఆయన్ని గంటల మంత్రి అన్నారు. కొందరు ముద్దుగా, కొందరు పళ్ళు కొరుకుతూ.

ఇవాళ పదకొండింటికి ఆయన అయిదేళ్ళ పని పుస్తకంగా విడుదల. నూట ఎనభై పేజీలు. అదీ ఆమే టైపు చేసింది. అందులో ఒక్క అరవై రెండో పేజీ మాత్రం ఆమెకి గొంతులో ముల్లు.

అరవై రెండో పేజీలో ఉన్న మాట ఇది: "పైకప్పుల మరమ్మతు నూటికి నూరు పాళ్ళు పూర్తి."

రెండు వానాకాలాల కిందట సంగతి. మరమ్మతుల జాబితా తయారు చెయ్యమన్నారు. దానికి పెద్ద లెక్కలేం అక్కర్లేదు. ఫైళ్ళన్నీ చేత్తో తడిమి, తడివి ఒకవైపు, పొడివి ఒకవైపు పెడితే సరిపోతుంది. తడిమే కమిటీ సోమవారం వస్తుందన్నారు. శనివారం సాయంత్రం సూపరింటెండెంటు, "ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారట, శుభ్రంగా ఉండాలి" అన్నాడు. అంతే. ఆమె పెట్టె వేడి చేసుకుని కూర్చుంది. ఏ ఫైలు ఏమిటో చూడలేదు. చెయ్యి అలవాటు చేతిది. వందలకొద్దీ ఇస్త్రీ చేసింది. సోమవారం కమిటీ వచ్చి తడిమి, మహా బాగున్నాయంది. ఆమె పెట్టె తగలని కొన్ని ఫైళ్ళే మరమ్మతుకి వెళ్ళాయి. వాటి పని మాత్రం నిజంగానే పూర్తయింది.

పొడి కుప్పలో తన కూతురి బడి ఉందని ఆ సాయంత్రమే చూసింది. ఆమె నోరు విప్పితే, ఇస్త్రీ చేశానని కూడా చెప్పాలి. చెప్పలేదు. రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు రెండేళ్ళుగా రాలేదు.

"ఏమ్మా, వచ్చావా!" సూపరింటెండెంటు చేతిలో చీటీతో ఎదురొచ్చాడు. రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది. అందుకే ప్రతి పనీ నిప్పులు తొక్కినట్టు చేస్తాడు. "స్టేజీ మీద పెట్టడానికి పది ఫైళ్ళు కావాలి. మంచి మంచివి, ఫోటోలో పడతాయి. మీ అమ్మాయి బడిది కూడా వేశాను. నీకూ ఒక సంబరం."

"అది వద్దు సార్."

"దిష్టి తగులుతుందనా? గట్టిగా ఒక పట్టు పట్టు, అదే నిగనిగలాడుతుంది. పైన పటారం ఉంటే చాలు, లోపల ఎవడు చూడొచ్చాడు!"

ఆమె ఏడో బీరువా తెరిచింది. ఫైలు అట్ట చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. తెచ్చి బల్ల మీద పరిచి పెట్టె ఆనించింది. బుస్సుమని ఆవిరి లేచింది. పెట్టె ముందుకెళ్తే వెనకాల మళ్ళీ తడి. రెండోసారి, మూడోసారి. నాలుగోసారి పెట్టె కింద కరకరలాడింది. ఎత్తి చూసింది. సున్నం పెచ్చు, గోరంత. చూస్తుండగానే అట్ట మధ్యలోంచి ఇంకోటి రాలింది. ఫైలు నడుము దగ్గర కిందికి కుంగి, కిర్రుమంది.

ఆమె పెట్టె పక్కన పెట్టేసింది. ఆ చప్పుడు తెలుసు. కిందటేడు ఒక సెలవురోజున ఏదో పల్లె బడి ఫైలు ఇలాగే పది గంటలకి కిర్రుమని, పన్నెండుకి బల్ల మీద చదునైపోయింది. మర్నాడు కబురొచ్చింది. లోపల ఒక మేక ఉందట.

గడియారం చూసింది. పదింపావు. ఇవాళ సెలవు కాదు. నూటికి నూరు మందీ వచ్చారు.

* * *

ఫోను బడిలో పెద్దటీచరు తీసింది. ఆవిడ గది గేటు బయట విడిగా ఉంటుంది.

"అమ్మా, రికార్డు సెక్షన్ నుంచి. పిల్లల్ని వెంటనే బయటికి పంపించెయ్యండి. పైకప్పు కూలేలా ఉంది."

"ఉత్తర్వు నంబరు చెప్పండి."

"నంబరు లేదు. ఫైలు కిర్రుమంది."

అటువైపు ఒక నిట్టూర్పు. "కిర్రుమనే ఉంటుందమ్మా. ఇక్కడ రోజూ అంటూనే ఉంది. నేను నాలుగు ఉత్తరాలు రాశాను. మీ ఫైలు పొడిగా ఉందని జవాబొచ్చింది. ఇప్పుడు నోటిమాట మీద గంట కొడితే నా ఉద్యోగం నిలుస్తుందా? కిందటి నెల పక్కబడి ఆయన మబ్బు చూసి కొట్టాడు, ఇంట్లో కూర్చున్నాడు. నంబరు ఇప్పించండి, పరిగెత్తి కొట్టిస్తాను."

ఆమె ఫోను పెట్టేసింది. పొడిగా ఉందన్న ఆ జవాబు కూడా టైపు చేసింది తనే.

ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకింది. ఫైలుని రెండు అరచేతుల మీదకి ఎత్తుకుంది. ఎత్తగానే కుంగిన నడుము కాస్త నిలిచింది. రాలే పెచ్చు ఆగింది. ఆమె అది చూసింది. చూసి, ఇంక చేతులు కదపకుండా మెట్లెక్కింది. మొదటి అంతస్తులో అది బియ్యం మూటంత ఉంది, రెండో అంతస్తులో నిద్రపోయిన పిల్లంత, మూడో అంతస్తుకి మెట్టుకొకసారి గోడకి ఆనుకుంది.

మంత్రిగారి గది తలుపు దగ్గర బంట్రోతు అడ్డం రాబోయి, "స్టేజీ మీదికా? వెళ్ళండి వెళ్ళండి" అని తనే తలుపు తీశాడు.

మంత్రిగారు కిటికీ దగ్గర నిలబడి ఉపన్యాసం కాగితం చదువుకుంటున్నారు. కొత్త చొక్కా, పాత కళ్ళజోడు. తలెత్తకుండానే అన్నారు.

"అవి కింద హాల్లో ఇవ్వండమ్మా."

"ఇది ఆ ఫైలు కాదండి. తడిది."

"తడిదా?" దగ్గరికొచ్చారు. వేలితో ముట్టుకుని, ఆ వేలు చూసుకున్నారు. "అయిదేళ్ళలో నా దగ్గరికి తడి ఫైలు ఒక్కటీ రాలేదే!"

"నేను ఇస్త్రీ చేసేదాన్నండి."

ఆయన ఆ తడి వేలిని బొటనవేలితో రాసుకున్నారు. "అన్నీ వెచ్చగా ఉండేవి" అన్నారు. "చేత్తో పట్టుకుంటే హాయిగా ఉండేది. బళ్ళు వెచ్చగా ఉన్నాయనుకునేవాణ్ణి."

"ఇది మా అమ్మాయి బడండి. కూలేలా ఉంది. లోపల రెండువందల పద్నాలుగు మంది. గంట కొట్టమంటే పెద్దటీచరు నంబరు అడుగుతోంది."

"అడగాలి. అలా అడగమన్నది నేనే." జేబులోంచి కలం తీశారు. "బల్ల మీద పెట్టండి, సంతకం చేస్తాను."

ఆమె చేతులు దించింది. అట్ట బల్లకి తగిలీ తగలకముందే మధ్యలో కిర్రుమంది. అద్దం మీద పెచ్చులు రాలాయి, ఈసారి గుప్పెడు. ఆమె గబుక్కున ఎత్తబోయింది. మూడు అంతస్తులు మోసిన చేతులు లేవలేదు. మంత్రిగారు కలం వదిలేసి అరచేతులు కింద పెట్టి ఎత్తారు. చప్పుడు ఆగింది.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"నేను పట్టుకుంటాను. ఫోను చెయ్యండి. నా చెవి దగ్గర పెట్టండి."

ఆమె నంబరు తిప్పి రిసీవరు ఆయన చెవికి ఆనించింది.

"అమ్మా, నేను మంత్రిని. గంట కొట్టించండి."

అటువైపు మాట ఆమెకీ వినిపించింది. "మంత్రిగారి గొంతు ఎలా ఉంటుందో నాకేం తెలుసండీ? రోజూ ఎవరో ఒకరు మంత్రినని, కలెక్టరునని చేస్తూనే ఉంటారు. నంబరు, సంతకం చేసినవారి పేరు చెప్పండి. రాసుకుంటాను."

మంత్రిగారు కళ్ళు మూసుకున్నారు. "తాళం నేనే వేశాను, తాళంచెవి నా దగ్గరే లేదు" అన్నారు. ఆమె వైపు తిరిగారు. "అమ్మా, మీరు రాయండి. సంతకం మీరు చెయ్యండి."

"నేనా? నాకు ఆ అధికారం లేదండి. మూల మీద పొడి సంతకం తప్ప ఎప్పుడూ చెయ్యలేదు."

"నాకు అధికారం ఉంది, చేతులు లేవు. మీకు చేతులున్నాయి."

ఆమె ఆయన ఉపన్యాసం కాగితం తిరగేసి, వెనక రాసింది. పిల్లల్ని తక్షణం ఇళ్ళకి పంపవలసింది. పైన ఇవాళ్టి వరస నంబరు వేసింది. కింద తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది. పెళ్ళి రిజిస్టర్లో రాసిన తర్వాత పూర్తి పేరు మళ్ళీ ఇదే రాయడం. ఫోన్లో నంబరు చదివింది, పేరు చదివింది. అవతల కలం గీసిన చప్పుడు. తర్వాత రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు, పరిగెత్తే చెప్పులు.

తర్వాత గంట.

ఫోన్లోంచి సన్నగా, ఆగకుండా వస్తోంది. దాని వెనక వందల పాదాలు, వాన, ఎవరో చిన్నపిల్లాడి ఏడుపు, "వరసలో, వరసలో" అని టీచర్ల అరుపులు. ఎదుట పోస్టాఫీసు వరండాలోకి పంపుతున్నారు.

సూపరింటెండెంటు ఎగశ్వాసతో వచ్చాడు. "సార్, హాలు నిండిపోయింది. మైకు కూడా..." చూసి ఆగిపోయాడు. అద్దం మీద నీళ్ళు. ఆయన చూపు ముందు ఆ మరక మీదికే వెళ్ళింది.

"కొంచెం ఆగమనండి" అన్నారు మంత్రిగారు. "చేతులు ఖాళీగా లేవు."

ఈలోగా బల్ల మీది రెండో ఫోను మోగింది. అది ముఖ్యమంత్రిగారి లైను, మోగితే అందరూ లేచి నిలబడాలి. బంట్రోతు భయంభయంగా ఎత్తి మంత్రిగారి రెండో చెవికి పెట్టాడు.

"అయ్యా... అవునయ్యా, తెలుసు, అందరూ వచ్చారు. బడి ఒకటి చేతుల్లో ఉందండి... లేదయ్యా, మాటవరసకి కాదు. దింపేసి వస్తాను." కాసేపు విన్నారు. "అలాగేనండి. మీ ఇష్టం." బంట్రోతు ఫోను పెట్టేశాడు. మంత్రిగారు మోచేతులు కడుపుకి ఆనించుకున్నారు.

ఆమె రెండో వైపు నుంచి ఫైలు కింద చేతులు పెట్టింది. భుజానికీ చెంపకీ మధ్య రిసీవరు.

పెద్దటీచరు గొంతు వచ్చింది, రొప్పుతూ. "రెండువందల పదమూడు. రిజిస్టరు పెట్టి పిలిచాను. ఒకరు తక్కువ."

"ఏ క్లాసు?"

"ఏడు."

ఆమె భుజంతో రిసీవరుని చెవికి అదుముకుంది. అప్పుడు విన్నది. గంట ఇంకా మోగుతోంది.

"గంట ఎవరు కొడుతున్నారు?"

అటువైపు రిజిస్టరు పేజీలు తిరిగిన చప్పుడు.

"గంట ఆగలేదమ్మా! ఎవరు కొడుతున్నారు?"

"చివరి పిల్ల గేటు దాటేదాకా ఆపకూడదని కదా... ఉత్తర్వు..." పెద్దటీచరు గొంతు సన్నబడింది. గంట నడవా మధ్యలో, దూలానికి వేలాడుతుంది. ఆ దూలం మీదే కప్పంతా ఆని ఉంది.

"ఆ చివరి పిల్ల అదేనండీ! ఆపి రమ్మనండి! మీరు పిలవండి!"

చెప్పులు మళ్ళీ పరిగెత్తాయి. ఫైలు ఒక్కసారిగా బరువెక్కింది. మంత్రిగారి మొహం మీద చెమట. "కొట్టేవాళ్ళని మర్చిపోయాను" అన్నారు, తనతో తను. "మూడు ముక్కలూ ఎన్నిసార్లు దిద్దాను. గంట కొట్టేవాళ్ళని మర్చిపోయాను."

"దించకండి" అంది ఆమె.

"దించను."

"దించకండి, అంతే."

టంగ్. టంగ్. టంగ్.

ఆగింది.

ఎందుకు ఆగిందో ఫోను చెప్పలేదు. వాన చప్పుడు ఒక్కటే. ఆమె గోడ మీది గడియారం వంక చూడలేదు. ఫైలు వంక చూడలేదు. మంత్రిగారి చొక్కా రెండో గుండీ దగ్గర దారం ఊడి ఉంది. దాన్నే చూస్తూ నిలబడింది.

"అమ్మా?" రొప్పుతున్న గొంతు. "నేనే. ఏంటమ్మా ఆఫీసు నుంచి ఫోను చేసి కేకలేస్తున్నావంట! ఇంకా కొడదామంటే పెద్దటీచరు జుట్టు పట్టుకుని లాక్కొచ్చేసింది. కర్ర కూడా పట్టుకొచ్చేశా."

"గేటు దాటావా?"

"దాటాను. పెద్దటీచరు గది ఫోను ఇది."

ఆమె మంత్రిగారి వంక తల ఊపింది. 

"దించనా?"

ఇద్దరూ కలిసి మెల్లగా, నిద్రపోయే పిల్లని పడుకోబెట్టినట్టు బల్ల మీద దించారు. ఫైలు చదునైపోయింది. అద్దం నిండా నీళ్ళు, సున్నం. ఫోన్లో దూరంగా, ఎవరో పెద్ద మూట కింద పెట్టి నిట్టూర్చిన చప్పుడు. తర్వాత రెండువందల పద్నాలుగు మంది పిల్లలు ఒక్కసారి "ఓ" అన్నారు.

* * *

మంత్రిగారు చేతులు దులుపుకోలేదు. అలాగే చాచి చూసుకున్నారు.

"ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"ఇంత బాగా తడిసినవి నలభై."

"తీసుకురండి. ఇస్త్రీ వద్దు."

ఆ మధ్యాహ్నం ఆయన ఒక్కొక్కటే పట్టుకున్నారు, ఆమె నంబర్లు వేసి పేరు రాసింది. నలభై బళ్ళకి ఫోను. ప్రతి బడికీ ఒక మాట అదనం: గంట కొట్టేవాళ్ళు కూడా మిగతావాళ్ళతోపాటే బయటికి రావాలి. కింద హాల్లో జనం టీలు తాగి, కుర్చీలు సర్దుకుని వెళ్ళిపోయారు. కట్టలు విప్పని పుస్తకాలు గోడవారగా ఉండిపోయాయి. అయిదింటికి సూపరింటెండెంటు వచ్చి, మంత్రిగారి శాఖ ఇంకొకరికి ఇచ్చారని, కారు వెనక్కి పంపమన్నారని, నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"మంచిది" అన్నారు ఆయన. "ఈ ఒక్కటి అవ్వనివ్వండి."

అది అయ్యాక ఉపన్యాసం కాగితం ఆమె చేతికిచ్చి, గొడుగు లేకుండానే మెట్లు దిగారు.

సూపరింటెండెంటు సెక్షన్లో బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. కోపంగా లేడు, అలిసిపోయి ఉన్నాడు. "లేని అధికారంతో నలభై ఒక్క సంతకాలు. రేపు నీకు సంజాయిషీ మెమో ఇవ్వాలమ్మా."

"ఇవ్వండి సార్."

"టైపు చెయ్యాల్సింది కూడా నువ్వే."

"చేస్తాను సార్."

"కొత్తాయన పదింటికి వస్తారు. అద్దం తుడిపించాలి." చుట్టూ చూశాడు. "ఇస్త్రీ పెట్టె ఏదీ? కనపడదేం?"

"తెలీదు సార్" అంది ఆమె. సంచీ భుజం కోస్తోంది. డబ్బా ఒక్కటీ అంత బరువుండదు. ఆయన ఆ సంచీ వంక చూశాడు, కిటికీలోంచి వాన వంక చూశాడు.

"పాతదైపోయింది, పోనీలే" అన్నాడు.

* * *

సాయంత్రం ఆరున్నర. వాన సన్నబడింది.

గుమ్మంలో ఎర్ర రిబ్బన్ల పిల్ల. చేతిలో ఇంకా కర్ర ఉంది. ఆమె పిల్ల తల తుడిచింది, తుడిచిన తలనే మళ్ళీ తుడిచింది.

"చాలమ్మా, బోడిగుండు చేస్తావా ఏంటి?"

అత్తగారు సంచీలోంచి పెట్టె తీసి చూసింది. "ఇదెక్కడిదే? మనింట్లో ఇస్త్రీ బట్టలెవరు కడుతున్నారని!"

"ఉండనివ్వండి అత్తయ్యా. దానికి రిటైర్మెంటు."

అత్తగారు ఆమె మొహం చూసింది. ఇంకో మాట అందామనుకుని, మానేసింది. లేచి పెట్టెని మంచం కిందికి తోసింది.

ఆయన ఆరుంపావుకి రావాలి. ఏడైంది. ఏడుంపది. ఆమె గుమ్మం దగ్గర మూడు జతలు చూసింది. అత్తగారివి పొద్దుటి నుంచి కదల్లేదు, అయినా లెక్కపెట్టింది. మూడే.

ఏడుంపావుకి గొడుగు విదిలించిన చప్పుడు.

"బ్రేకులు బాగానే ఉన్నాయి" అన్నాడు ఆయన, ఆమె అడక్కముందే. "ఒకాయన కోసం ఆలస్యమైంది. మీ ఆఫీసు స్టాపులో ఎక్కాడు, ముద్దగా తడిసి. పెద్దవాడు. నిలబడే ఉన్నాడు, ఊచ పట్టుకోడు. చేతులు రెండూ ఇలా ముందుకి చాచి, పళ్ళెం మోస్తున్నట్టు. కండక్టరు 'పడతారు పెద్దాయనా, పట్టుకోండి' అన్నాడు. 'పట్టుకునే ఉన్నానయ్యా' అన్నాడు ఆయన."

ఆమె తువ్వాలు పట్టుకుని నిలబడిపోయింది.

"మరి?"

"మరేముంది. మలుపు వచ్చినప్పుడల్లా నెమ్మదిగా తిప్పాను, ఆయన చేతుల్లో ఏమున్నా ఒలకకుండా. దిగాల్సిన చోట దిగాడు. గేటు తీసుకోలేడు కదా, కండక్టరు వెళ్ళి తీశాడు. లోపల దీపం వెలిగింది, ఎవరో ఆవిడ వచ్చి లోపలికి తీసుకెళ్ళింది. అప్పటిదాకా బస్సు ఆపాను. జనం తిట్టారులే."

ఆమె గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్పులు చూసింది. అమ్మాయివి. అత్తగారివి. ఆయనవి. తనవి.

నాలుగు వేళ్ళు మడిచింది. ఆగి, బొటనవేలు కూడా మడిచింది. అయిదు.

గడియ పెట్టింది.